ఖమీర్ లోపలి తఖ్సీమ్

అరబీలో ఖ-మ్-ర్ అనే ధాతువుకు కప్పడం అని అర్థం. అక్ల్ మీద పరదా కప్పేది ఖమ్ర్. తల మీద కప్పుకునేది ఖిమార్. పిండిలో కలిపి మూతపెడితే పొంగించేది ఖమీర్. మన నర్సీపట్నంలో బేకరీ బన్ను పొంగేది ఖమీర్‌తోనే. చింతపల్లి వైపు కొండెక్కే దారిలో తాటి, జీలుగు చెట్లకు కట్టిన కుండల్లో కల్లు పులిసేదీ ప్రధానంగా అదే జాతి జీవివల్లే. ఒకటి మన దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది, రెండోది మనకు హరామ్. ఆ జీవికి మాత్రం ఈ ఫరక్ తెలియదు. దాన్ని తెలుగులో ఈస్ట్ అంటున్నాం. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే. ఒకే ఒక్క కణం, కంటికి కనపడనంత చిన్నది.

ఈ చిన్న జీవి రెండుగా చీలేముందు ఒక పని చేస్తుంది. ఆగుతుంది. తన లోపలి విరాసత్ రెండు వైపులా సరిగ్గా పంచడానికి అంతా సిద్ధమైందా లేదా అని చూసుకుని, అయ్యాకే చీలుతుంది. ఒక్క హిస్సా తేడాగా ఉన్నా సబర్ చేస్తుంది. ఈ సంగతి మనుషులకు ఎలా తెలిసిందన్నదే ఈ రోజు నేను రాస్తున్న తారీఖ్. అందులో ఒక హకీమ్ ఉన్నాడు, ఒక తెలుగాయన ఉన్నాడు, మన రైతులు వాడే పురుగుమందుల కొట్టు సరుకు కూడా ఉంది.

ఇదంతా మన ఇళ్లలో ఎందుకు చదవాలి అంటారా? మా ఖాందాన్‌లోనే ఒక ఇంట్లో డౌన్ సిండ్రోమ్‌తో పాప పుట్టింది. పాపకు పేరు పెట్టకముందే సవాళ్లు మొదలయ్యాయి. బహూ గ్రహణం రోజు బయట తిరిగిందేమో అన్నది ఒకరు. నజర్ తగిలింది అన్నది ఇంకొకరు. వాళ్ల వైపు ఖూన్‌లోనే ఏదో ఉంది అని సాస్ వైపు వాళ్లు తేల్చేశారు. ఆ తల్లి ఎవరికీ జవాబ్ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది గనక? ఆ జవాబ్ ఈ ఖమీర్ కణంలో ఉంది. అందుకని రాస్తున్నాను.

ముందు తఖ్సీమ్ అంటే ఏమిటో చూద్దాం. మన శరీరంలో మామూలు కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. సగం అమ్మీ ఇచ్చినవి, సగం అబ్బా ఇచ్చినవి. కణం చీలేముందు ప్రతి క్రోమోజోముకూ అచ్చం అలాంటిదే ఇంకోటి తయారవుతుంది. ఆ రెండూ జంటగా అతుక్కునే ఉంటాయి. చీలేటప్పుడు ప్రతి జంట నుంచి ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. 46 జంటల్లో ఏ ఒక్కటీ తప్పకూడదు. ఖమీర్‌లో అయితే ఒక వరుసలో ఉండేవి 16. తిండి బాగా దొరికితే గంటన్నరకోసారి చీలే ఈ కణం అంత తొందరలోనూ పదహారింటినీ లెక్కగా పంచుతుంది.

కణం లోపల ఈ పంపకాన్ని 1880ల నాటికే జర్మనీలో వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ పిల్లల కణాలకు రంగు వేసి చూశాడు. 1882లో దానికి మైటోసిస్ అని పేరు పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత అదే దేశానికి చెందిన థియొడోర్ బొవేరి సముద్రపు అర్చిన్ గుడ్ల మీద పని చేశాడు. ఒకే గుడ్డులోకి రెండు శుక్రకణాలు వెళ్తే క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంచుకోబడతాయి. అలా పుట్టిన పిండాలు ఎక్కువగా వంకరపోయి చచ్చిపోయేవి. 1902లో ఆయన తేల్చింది ఇదీ: మొత్తం ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చాలదు, ప్రతి రకం క్రోమోజోమూ సరైన లెక్కలో ఉండాలి. ఆస్తి పంపకంలో ఎకరాలు సమానంగా వచ్చినా ఒకడికి బావి అసలు రాకపోతే ఆ సేద్యం ఏమవుతుంది? అలాగన్నమాట.

1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్త్ గొటియే, రేమండ్ టర్పిన్ డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాల్లో ఒక చిన్న క్రోమోజోము ఎక్కువగా ఉందని ప్రకటించారు. అది 21వ నంబరుది. రెండుండాల్సిన చోట మూడున్నాయి. అప్పటికి దాదాపు వందేళ్ల క్రితమే, 1866లో, జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ పిల్లల లక్షణాలు రాసిపెట్టాడు. కారణం మాత్రం 1959 దాకా తెలియలేదు. కారణం తెలియని చోటే కదా ఇల్జామ్‌లు మొలిచేది.

మానవ క్రోమోజోములు సరిగ్గా లెక్కపెట్టడమే 1956 దాకా కుదరలేదు. అంతకుముందు ముప్ఫై ఏళ్లకు పైగా అందరూ 48 అనుకున్నారు. స్వీడన్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ లెక్కపెట్టి 46 అని తేల్చారు. వాళ్లకు సాయపడిన వాటిల్లో ఒక దవా ఉంది, కోల్చిసిన్. దాని ఖాందాన్ మనకు పరాయిది కాదు. యునానీ దవాఖానాల్లో కీళ్ల నొప్పులకు ఇచ్చే మాజూన్ సూరంజాన్ పేరు మన పెద్దవాళ్లు వినే ఉంటారు. సూరంజాన్ అంటే కోల్చికమ్ జాతి మొక్క దుంప. ఇబ్న్ సీనా (980-1037) అల్ ఖానూన్‌లో కీళ్ల నొప్పికి దీన్ని చెప్పాడు. చేదు సూరంజాన్ మోతాదు మించితే జహర్ అన్న హెచ్చరిక కూడా పాతదే. 1820లో ఫ్రాన్స్‌లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఈ జాతి మొక్క నుంచి ఆ పదార్థాన్ని విడదీశారు.

దాన్ని చీలుతున్న కణాల మీద వేస్తే ఒక విచిత్రం కనపడింది. క్రోమోజోములు బయటికి స్పష్టంగా తేలి, చీలకుండా అక్కడే నిలబడిపోతాయి. అందుకే లెక్కపెట్టడం సులువైంది. 1967లో షికాగోలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ ఆ దవా కణంలో దేన్ని పట్టుకుంటుందో కనుక్కున్నారు. ట్యూబ్యులిన్ అనే ప్రోటీను. ఈ ట్యూబ్యులిన్ ఇటుకలతోనే సన్నని గొట్టాల్లాంటి తాళ్లు తయారవుతాయి. వాటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. క్రోమోజోములను రెండు వైపులకూ లాగే తాళ్లు ఇవే. సూరంజాన్ ఆ తాళ్లను కట్టనివ్వదు.

ఇక్కడ ఒక పెద్ద సవాల్ మిగిలింది. మన స్టేషన్ పేరు నర్సీపట్నం రోడ్. పేరు మన ఊరిదే గానీ బస్సెక్కి వెళ్లాలి, అది అందరికీ తెలిసిందే. అక్కడ రైలు కదలకుండా ఆగిపోయిందనుకోండి. కారణం రెండింటిలో ఒకటి. ఇంజన్ పాడైంది, లేదా సిగ్నల్ పడలేదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తాళ్లు తెగిన కణం ఆగడం ఇంజన్ పాడైనట్టా, ఎవరో ఎర్ర సిగ్నల్ వేసినట్టా? చాలాకాలం ఎక్కువమంది మొదటిదే అనుకున్నారు. తాళ్లు లేవు, లాగేవాళ్లు లేరు, కాబట్టి ఆగింది, ఇంకేముంది అని.

కణం లోపల ఒకరి కోసం ఒకరు ఆగే ఇంతెజాం ఉందని చూపిన తొలి పనుల్లో ఒకటి మన తెలుగాయనది. పోటు నరసింహారావు గారు. శాస్త్ర పత్రాల్లో పీ.ఎన్. రావు అని ఉంటుంది. అమెరికాలో డెన్వర్‌లో ఉండగా రాబర్ట్ జాన్సన్‌తో కలిసి 1970లో నేచర్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం కణచక్రం గురించిన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ మొదటి పేజీల్లో కనిపిస్తుంది. వాళ్లు వాడినవి హీలా కణాలు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కేన్సర్ నుంచి, ఆమె ఇజాజత్ లేకుండా తీసి పెంచినవి. ఆమె పేరు చెప్పకుండా ఈ తారీఖ్ చెప్పడం ఇన్సాఫ్ కాదు.

రావు గారు, జాన్సన్ చేసింది ఇది. వేర్వేరు దశల్లో ఉన్న రెండు కణాలను, శక్తి తీసేసిన సెండాయ్ వైరస్ సాయంతో ఒకటిగా కలిపారు. ఒకే ఇంట్లో రెండు కేంద్రకాలు. ఒకటి తన డీఎన్ఏ నకలు రాయడం పూర్తి చేసి చీలడానికి సిద్ధంగా ఉంది. రెండోది ఇంకా నకలు రాస్తూనే ఉంది. ఏం జరిగిందంటే, సిద్ధంగా ఉన్నది జల్దీ పడలేదు. రెండోదాని పని అయ్యేదాకా ఆగి, రెండూ కలిసే చీలడానికి వెళ్లాయి. ముందున్నదానికి ఇంజన్ పాడవలేదు. అయినా ఆగింది. అంటే ఆపే కబురు ఏదో కణమంతా తిరుగుతోంది. ఇంకో జంటలో, చీలుతున్న కణాన్ని ఇంకా సిద్ధం కాని కణంతో కలిపితే, ఆ సిద్ధం కానిదాని క్రోమోజోములు కూడా అరకొరగా ముడుచుకుపోయాయి. తోసే కబురు కూడా ఉందన్నమాట. రావు గారు తర్వాత హ్యూస్టన్‌లో ఎమ్.డీ. ఆండర్సన్ కేన్సర్ ఆసుపత్రిలో పని చేశారు. 1979లో ప్రసాద్ సుంకర, డేవిడ్ రైట్‌లతో కలిసి, చీలుతున్న మనిషి కణాల రసాన్ని కప్ప గుడ్లలోకి ఎక్కించి వాటినీ ముందుకు నడిపించవచ్చని చూపారు. కప్పకూ మనిషికీ ఆ కబురు భాష ఒకటే.

అయితే కబురు ఉందని తెలియడం వేరు, కబురు మోసేవాళ్ల పేర్లు తెలియడం వేరు. పేర్లు తెలియాలంటే ఒక్కొక్క జన్యువునూ చెడగొట్టి చూడాలి. మనిషి కణాల్లో అప్పట్లో అది సాధ్యం కాదు. అక్కడ ఖమీర్ పనికొచ్చింది. అది చవక, తొందరగా పెరుగుతుంది, ఒకే వరుస క్రోమోజోములతోనూ బతకగలదు. ఒక జన్యువు చెడితే దాచుకోవడానికి రెండోది ఉండదు. అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ 1970 నుంచి ఖమీర్‌లో కణచక్రం ఆగిపోయే రకాలను పోగుచేశాడు. 1988లో ఆయన, టెడ్ వైనర్ట్ కలిసి ఒక రకాన్ని చూపారు. మామూలు ఖమీర్ డీఎన్ఏ దెబ్బతింటే ఆగి బాగుచేసుకుంటుంది. రాడ్9 అనే జన్యువు లేనిది మాత్రం ఆగకుండా వెళ్లి చస్తుంది. మరుసటి ఏడు వాళ్లు ఇలాంటి పహరాలకు చెక్‌పాయింట్ అన్న మాటను స్థిరపరిచారు. హార్ట్‌వెల్‌కు, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ వచ్చింది. పోటు గారికి రాలేదు.

క్రోమోజోముల పంపకం దగ్గరి చౌకీదార్లు 1991లో దొరికారు. రెండు జట్లు, సెల్ పత్రిక ఒకే సంచికలో. సాన్‌ఫ్రాన్సిస్కోలో రాంగ్ లీ, ఆండ్రూ మరే. బాల్టిమోర్‌లో ఆండ్రూ హోయ్ట్, ఆయన సహచరులు. ఇద్దరూ వాడింది బెనోమిల్ అనే బూజుమందు. మన రైతులకు దాని తోబుట్టువు కార్బెండజిమ్ బాగా తెలుసు. బెనోమిల్ విడిపోతే వచ్చేది అదే. అది బూజు కణాల్లో ఆ తాళ్లను పాడుచేస్తుంది. కోల్చిసిన్ ఖమీర్ మీద సరిగ్గా పని చేయదు గనక దీన్ని వాడారు.

మామూలు ఖమీర్‌కు కొంచెం బెనోమిల్ వేస్తే చీలడం ఆపి ఎదురుచూస్తుంది. మందు కడిగేస్తే తాళ్లు మళ్లీ కట్టుకుని, సరిగ్గా పంచి, బతుకుతుంది. వాళ్లు వెతికింది ఆగడం రాని ఖమీర్ కోసం. దొరికింది. తాళ్లు సరిగ్గా లేకపోయినా అది ముందుకు వెళ్లిపోతుంది, హిస్సాలు తప్పుతాయి, చస్తుంది. రైలు సవాల్‌కు ఇదే జవాబ్. ఇంజన్ పాడై ఆగి ఉంటే ఒక జన్యువు తీసేసినంత మాత్రాన బండి కదలదు. కదిలిందంటే అక్కడ సిగ్నల్ ఉంది, తీసేసింది సిగ్నల్‌మ్యాన్‌ని. ఆ జన్యువులకు ఒక జట్టు మ్యాడ్ అనీ, ఇంకో జట్టు బబ్ అనీ పేర్లు పెట్టారు. 1996లో మనిషిలోనూ మ్యాడ్2 దొరికింది. బన్ను పిండిలో ఉన్న చౌకీదారే మన కణంలోనూ ఉన్నాడు.

ఈ పహరా ఎలా నడుస్తుందో కూడా తర్వాతి పదేళ్లలో చాలావరకు తెలిసింది. జంట క్రోమోజోములను కలిపి ఉంచేది కొహీసిన్ అనే ప్రోటీను ఉంగరం. దాన్ని తెంచే కత్తెర సెపరేజ్. కత్తెరకు వేసిన తాళం సెక్యూరిన్. సెక్యూరిన్‌ను నాశనం చేసే యంత్రం ఒకటి ఉంది. దాన్ని నడపడానికి సీడీసీ20 అనే తాళంచెవి కావాలి. ఏదైనా ఒక క్రోమోజోముకు తాడు తగులుకోకపోతే, ఆ క్రోమోజోము నడుం దగ్గర మ్యాడ్2 మేలుకుని వెళ్లి ఆ తాళంచెవిని పట్టుకుంటుంది. తాళం తెరుచుకోదు, కత్తెర కదలదు, ఉంగరాలు తెగవు, అందరూ ఆగుతారు. ఆఖరిది తగులుకున్నాక తాళంచెవి విడుదలవుతుంది. ఒక్కసారిగా ఉంగరాలన్నీ తెగుతాయి. ఈ కత్తెర, ఉంగరం సంగతి వియన్నాలో కిమ్ నాస్మిత్ జట్టు ఖమీర్‌లోనే 1999 నాటికి చూపింది.

తగులుకోవడం ఒక్కటే చాలదు, సరిగ్గా తగులుకోవాలి. జంటలో రెండూ ఒకే వైపు తాళ్లకు తగులుకుంటే రెండూ అటే పోతాయి. కణానికి ఇది ఎలా తెలుస్తుంది? రస్సాకషీ చూశారుగా. రెండు వైపులా లాగితేనే తాడు బిగుస్తుంది. 1969లో బ్రూస్ నిక్లస్ మిడత కణాల్లో సన్నని సూదితో క్రోమోజోమును లాగి చూశాడు. బిగువు ఉంటే పట్టు నిలుస్తుంది, లేకపోతే జారిపోయి మళ్లీ కట్టుకుంటుంది. 1995లో ఆయనే గొల్లభామ జాతి పురుగులో, జత దొరక్క వదులుగా ఉన్న ఒక క్రోమోజోమును సూదితో లాగాడు. అప్పటిదాకా ఆగి ఉన్న కణం చీలింది. బిగువు లేని పట్టును వదిలించేది ఖమీర్‌లో ఐపీఎల్1, మనలో అరోరా బీ అనే ఎంజైము. అదే ఏడు కాన్లీ రీడర్ అనే శాస్త్రవేత్త ఇంకా తగులుకోని ఆఖరి క్రోమోజోము పట్టు చోటును లేజర్‌తో కాల్చేశాడు. కణం ఆగడం మానేసింది. అంటే అప్పటిదాకా ఆ ఒక్కదాని కోసమే మిగతావన్నీ ఆగాయి.

ఇప్పుడు మన ఇంటి సవాల్‌కు వద్దాం. ఇంత పహరా ఉన్నా తప్పు ఎలా జరుగుతుంది? స్త్రీ అండాల సంగతి వేరు. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు క్రోమోజోముల పంపకం మొదలుపెట్టి, మధ్యలో ఆగుతాయి. ఆ ఆగడం ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు సాగుతుంది. అన్నేళ్లూ క్రోమోజోములను కలిపి పట్టుకోవాల్సింది ఆ కొహీసిన్ ఉంగరాలే. అవి ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడతాయి. అండంలో పహరా కూడా మామూలు కణంలో అంత గట్టిది కాదు. అందుకే వయసుతో ఈ తప్పు పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం తల్లికి ఇరవై ఏళ్లప్పుడు సుమారు 1,500లో ఒకటి, 35 ఏళ్లప్పుడు సుమారు 350లో ఒకటి, నలభై ఏళ్లప్పుడు సుమారు 100లో ఒకటి. అయినా చిన్న వయసు తల్లులకూ పుడతారు. కాన్పులు ఎక్కువ వాళ్లకే గనక.

ఎక్కువసార్లు అదనపు క్రోమోజోము అండం నుంచే వస్తుంది, కొన్నిసార్లు తండ్రి శుక్రకణం నుంచి. ఈ మాట వినగానే "చూశారా, తల్లి వైపే" అనే వాళ్లుంటారు. అది కసూర్ కాదు. ఆమె పుట్టకముందే మొదలైన ఒక పనిలో, ఆమె చేతిలో లేని ఒక ఉంగరం జారింది. గ్రహణం దాన్ని జార్చలేదు, నజర్ జార్చలేదు, బొప్పాయి జార్చలేదు. ఖూన్‌లో దోషం అన్న మాట కూడా చాలావరకు తప్పే. నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం 21వ క్రోమోజోము ముక్క ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. వాటిలో కొన్ని తల్లి నుంచో, తండ్రి నుంచో రావచ్చు. ఏ రకమో కేరియోటైప్ అనే రక్తపరీక్ష చెబుతుంది. ఊహల మీద బహూను నిలదీసే బదులు ఆ కాగితం తెప్పించుకోవడం ఇన్సాఫ్. హైదరాబాద్‌లో బేగంపేటలోని ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ సంస్థ, సీడీఎఫ్‌డీ ఈ రకం పనికే పేరుపడ్డవి. మన వైపు వాళ్లు ముందు విశాఖలో పిల్లల డాక్టరు మష్వరా తీసుకుంటే దారి ఆయనే చెబుతాడు.

బిడ్డ విషయంలో రెండు పనులు ఆలస్యం చేయకండి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో పుట్టుకతో లోపం ఉంటుంది. పుట్టగానే ఎకో తీయించాలి. చాలావాటికి ఇప్పుడు ఆపరేషన్‌తో ఇలాజ్ ఉంది. థైరాయిడ్ పరీక్ష కూడా తప్పనిసరి. వాళ్లు నడుస్తారు, మాట్లాడతారు, చదువుకుంటారు, కొంచెం ఆలస్యంగా. తావీదు కట్టించుకునే వాళ్లు కట్టించుకోండి, కానీ ఎకో తారీఖు దాటనివ్వకండి.

ఈ ఇల్మ్ ఇంకో దర్వాజా కూడా తెరిచింది. కేన్సర్ కణాలకు కూడా చీలడమే పని. ఆ తాళ్లను పాడుచేస్తే పహరా వాటిని ఆపుతుంది, చాలా కణాలు అక్కడే చస్తాయి. మన వాకిళ్లలో పూసే బిళ్ల గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ ఈ పనే చేస్తుంది. రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు ఇస్తారు. రొమ్ము కేన్సర్‌లో డ్రిప్ ఎక్కించే పాక్లిటాక్సెల్ తాళ్లను తెంచదు, కదలకుండా బిగించేస్తుంది. ఫలితం ఒకటే. ఆకు పిండుకుని తాగమని నేను చెప్పడం లేదు. సూరంజాన్‌లాగే అదీ మోతాదు తప్పితే జహర్.

ఇబ్న్ సీనా నుస్ఖా నుంచి కార్బెండజిమ్ డబ్బా దాకా, పోటు నరసింహారావు గారి జంట కణాల నుంచి బాల్టిమోర్ ఖమీర్ దాకా, ఇంతమంది మెహనత్ చేసి తేల్చింది ఒక చిన్న సంగతి. తఖ్సీమ్‌లో ఒక్కరి హిస్సా తేలకపోతే మిగతావాళ్లంతా ఆగాలని కణానికి తెలుసు. కొన్నిసార్లు ఆ పహరా తప్పుతుంది. తప్పినప్పుడు పుట్టిన బిడ్డకు కావలసింది గుండె డాక్టరు. తల్లికి కావలసింది పక్కన కూర్చునే మనిషి. మీ ఖాందాన్‌లో ఎవరైనా ఇంకా కసూర్ వెతుకుతుంటే, ఈ వ్యాసం వాళ్లకు చదివి వినిపించండి.